శనివారం తుడిచిన టాబ్లెట్

"ఆ రాజీనామా మీద సంతకం పెట్టను. ఉద్యోగం పోతే పోనీ," అంది లుడివినా.

ఆమె ముందున్న బచోయ్ సూప్ గిన్నెలో నూడుల్స్ ఉబ్బిపోతున్నాయి. ఇలోయిలో నగరంలో తుఫాను సాయం పంచే ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తుంది ఆమె.

"ఏం జరిగిందో చెప్పమ్మా," అంది డిటెక్టివ్ ఎవారిస్తా.

"శుక్రవారం జీప్‌నీ బండిలో ఇంటికెళ్తూ చూస్తే సంచీలో ఆఫీసు టాబ్లెట్ లేదు. రూలు ప్రకారం వెంటనే మా పై అధికారి పోన్సో సర్‌కి ఫోన్ చేశాను. నిన్న సోమవారం సర్ బీరువా తప్ప ఆఫీసంతా గాలించాం, లేదు. నేనే అమ్ముకున్నానంటూ రాజీనామా కాగితం ముందు పెట్టాడు."

"అందులో ఏముంది?"

"సాయం అందిందని సర్ లెక్కల్లో రాసిన ఇళ్ళ ఫోటోలు. కొన్నిచోట్ల ఇళ్ళే లేవక్కా, ఒట్టి గడ్డి. దానికి సిమ్ లేదు, ఆఫీసు వైఫై తప్ప మరోటి ఎరగదు. శుక్రవారమే సర్‌కి చెప్పాను, సోమవారం వచ్చి ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కిద్దామనుకున్నా."

సహాయకుడు నోనోయ్ జీప్‌నీ దొంగల్ని పట్టేద్దామని అప్పటికే బూట్లు తొడిగేశాడు. తొందర మనిషి. ఎవారిస్తా మాత్రం పోన్సో దగ్గరికి దారితీసింది.

"పోయిన టాబ్లెట్‌లో ఉన్నదంతా దూరం నుంచే తుడిచెయ్యాలని నిబంధన," అన్నాడు పోన్సో దర్జాగా. "శనివారం ఇంట్లోంచే ఆదేశం పంపాను. నిమిషంలో పూర్తయిందని టాబ్లెట్ నుంచి జవాబొచ్చింది."

"ఆ రోజు ఆఫీసు?"

"సెలవు. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంటుంది."

ఎవారిస్తా వినయంగా థాంక్స్ చెప్పింది. నోనోయ్‌కి అది చూసి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ప్రాంతీయ డైరెక్టర్ ఫ్లోర్దెలిస్ ఎదుట అందరూ కూర్చున్నారు.

"తుడవాలంటే టాబ్లెట్ నెట్‌కి తగలాలి," అంది ఎవారిస్తా. "దానికి తెలిసింది ఈ ఆఫీసు వైఫై ఒక్కటే. అంటే శనివారం అది ఈ తాళం వెనకే ఉంది. సోమవారానికి మాయమైంది. మధ్యలో ఈ తలుపు తీయగలిగిందెవరు సర్?"

పోన్సో బల్ల మీది తాళంచెవిని జేబులోకి తోశాడు.

"ఊరికే ఫోటోలు చెరిపితే సాక్ష్యం చెరిపారంటారు. పోయిందనిపించి చెరిపితే నిబంధన పాటించారంటారు. శుక్రవారం ఈమె సంచీలోంచి మీరు తీసింది అందుకే."

అప్పటికి నోనోయ్‌కి ఆ వినయం పోన్సో నోటితోనే అన్నీ చెప్పించడానికని అర్థమైంది. ఎవారిస్తా ముందు తల వంచాలనిపించింది.

డైరెక్టర్ చెయ్యి చాపింది. "మీ బీరువా తాళం ఇవ్వండి."

ఫైళ్ళ వెనక టాబ్లెట్ దొరికింది. పోన్సో సిగ్గులేకుండా నవ్వాడు. "అందులో ఏమీ లేదుగా. ఇళ్ళ సంగతి ఎలా నిరూపిస్తారు?"

లుడివినా సంచీ భుజాన వేసుకుంది. "ఫోటోలు తుడిచారు సరే. నాలుగు రోజుల్లో అక్కడ ఇళ్ళు కట్టలేదు కదా సర్? గడ్డి ఎక్కడికీ పోలేదు. మళ్ళీ తీసుకొస్తాను."

డైరెక్టర్ కొత్త టాబ్లెట్ తెప్పించి, తీసుకున్నట్టు రాయమని కాగితం ముందుకు జరిపింది.

ఈసారి లుడివినా సంతకం పెట్టింది.