నిండు గిన్నె

"ఆగు! పోలీస్!"

వాడు ఆగలేదు.

ఉదయం ఎనిమిదిన్నర. రష్యాలోని ఉఫా నగరంలో డిసెంబరు... ఇంకా తెల్లవారలేదు. దేమా పేటలో గ్యారేజీల వెనక సందు. ఒకే ఒక్క వీధి దీపం. దాని కింద నుంచి నల్ల కోటు ఒకటి దూసుకుపోతోంది.

మేజర్ యెగోర్ ద్రోబిషెవ్ పరుగెత్తుతున్నాడు. మంచు మీద బూటు జారింది. మోకాలు నేలకు కొట్టుకుంది. లేచాడు. మళ్లీ పరుగు!

"తాగిర్! ఎడమ వైపు! పట్టాల వైపు పోతున్నాడు!"

"చూశాను సవెలిచ్!"

యెగోర్‌ని తండ్రి పేరుతో సవెలిచ్ అని పిలిచే లెఫ్టినెంట్ తాగిర్ ఒక్క అంగలో గోడ దూకాడు.

ధబ్!

యెగోర్ రొప్పుతూ చేరేసరికి నల్ల కోటువాడు మంచులో బోర్లా పడి ఉన్నాడు. తాగిర్ మోకాలు వాడి వీపు మీద ఉంది.

"పేరు?"

"యానాయ్... కరెంటు పనివాణ్ణి..."

"మారీ జాతివాడివా?"

"మారీవాణ్ణే. అదీ నేరమేనా?"

"ఎందుకు పరుగెత్తావ్?"

"మీరు తరిమారు గనక!"

యెగోర్ పళ్లు కొరికాడు.

"నిన్న సాయంత్రం నుంచి నన్ను ఆపడం ఇది మూడోసారి!" మంచు ఉమ్ముతూ అరిచాడు యానాయ్. "మొదట బష్కీర్లను పట్టారు. పోయిన వారం తాతార్లను. ఇప్పుడు మమ్మల్ని. వచ్చే వారం ఎవరో ఇప్పుడే చెప్పండి, పాపం వాళ్లకి కబురు చేస్తాను!"

తాగిర్ ఫక్కున నవ్వాడు. యెగోర్ నవ్వలేదు.

"పదో తారీఖున ఎక్కడున్నావ్?"

"హీటింగ్ ప్లాంటులో. వరసగా రెండు షిఫ్టులు. నాతో ఆరుగురున్నారు, అడగండి."

ఒక్క ఫోన్. రెండు నిమిషాలు.

నిజమే.

"వదిలెయ్ తాగిర్..."

మళ్లీ తప్పు మనిషి!

మూడు వారాలు. ముగ్గురు ముసలమ్మలు. ముగ్గురూ ఒంటరివాళ్లు. తలుపు పగలలేదు, తాళం విరగలేదు. వాళ్లే తలుపు తీశారు. వాళ్లే టీ పోశారు. ఆ తరవాత వెనక నుంచి నెత్తి మీద దెబ్బ. పోయింది ఒక్కటే. పెట్టె అడుగున దాచుకున్న, వెండి నాణేలు కుట్టిన పాతకాలపు ఆభరణం. ముత్తవ్వల నాటిది. మనవరాలి పెళ్లికి ఇవ్వాల్సింది.

మొదటామె తాతార్. ఆసుపత్రిలో చనిపోయింది. పోయే ముందు "బష్కీర్ వాడు" అంది.

రెండో ఆమె చువాష్. ఆమె కూడా పోయింది. "తాతార్ వాడు" అంది.

పదో తారీఖున దెబ్బ తిన్న మూడో ఆమె మిన్నిసా. బష్కీర్. బతికింది. ఆమె ఆభరణం మాత్రం దొరకలేదు వాడికి. కానీ తలకు తగిలిన దెబ్బతో ఆమె రష్యన్ భాష పోయింది! డెబ్భై ఏళ్లు మాట్లాడిన భాష ఒక్క ముక్క మిగల్లేదు. మిగిలింది తల్లి దగ్గర నేర్చుకున్న మాటే. జరిగింది కూడా సరిగా గుర్తు రావడం లేదన్నాడు డాక్టర్. నిన్ననే ఇంటికి పంపారు. నిన్ననే ఆమె "మారీవాడు" అంది.

ప్రతి నోరూ పక్కవాణ్ణే చూపిస్తోంది!

ఊరూ అలాగే ఉంది. బజారులో తాతార్ కసాయివాడి దగ్గర బష్కీర్లు కొనడం మానేశారు. ట్రాముల్లో తోపులాటలు. గోడల మీద రాతలు. యెగోర్ బల్ల మీద మాత్రం మూడు వాంగ్మూలాలు. మూడు జాతులు. ఒక్క ముఖమూ లేదు.

"నేను మిన్నిసా ఇనెయ్ దగ్గరికి వెళ్లొస్తాను సవెలిచ్," అన్నాడు తాగిర్. ఇక్కడి ముసలమ్మలందరూ వాడికి ఇనెయ్‌లే, అవ్వలే. "ఇంకోసారి మెల్లగా అడుగుతా. రాత్రి తోడున్న పొరుగావిడ ఈపాటికి పనికి పోయుంటుంది. ఒక్కతే ఉంటే మనసు విప్పుతుంది. మీరు ఏమన్నా తినండి, మొహం చూడలేకపోతున్నాను."

"వెళ్లు."

తాగిర్ కారు తీసుకుని వెళ్లిపోయాడు.

వాడు లేకపోతే తన గతి ఏమిటి? వాడి తల్లి తాతార్. తండ్రి చువాష్. పెరిగింది మారీ పల్లెలో. చదివింది బష్కీర్ బడిలో. యెగోర్ అర్ఖాంగెల్స్క్ నుంచి బదిలీ మీద వచ్చి నాలుగేళ్లయింది. నేర్చుకున్నది ఒకే ఒక్క ముక్క... 'రహ్మత్', థాంక్స్ అని.

*

స్టేషన్ పక్కన ఫ్లూరా కొట్టు. చిన్న కిటికీ నిండా ఆవిరి. ఫ్లూరా తాతార్ మనిషి. నోరు పెద్దది. మూడు మూలల మాంసం రొట్టెలు చేయడంలో దేమాలో ఆమెకు సాటి లేదు.

కిటికీ ముందు అప్పటికే ఒకడు నిలబడి నములుతున్నాడు. యానాయ్!

"మళ్లీ వచ్చారా?" అన్నాడు. "ఈసారి పరుగెత్తను. రొట్టె వేడిగా ఉంది."

యెగోర్ కిటికీ దగ్గరికి జరిగాడు. ఫ్లూరా కెటిల్ వంచి పింగాణీ గిన్నెలో పాల టీ పోసి ముందుకు తోసింది.

సగం.

ఎందుకో ఒళ్లు మండిపోయింది.

"ఇదేంటి ఫ్లూరా? సగమేనా? నిన్న ఆ బష్కీర్ ముసలామె కూడా ఇంతే! నాకు నాలుగు గుటకలు పోసి, మా తాగిర్‌కి మాత్రం అంచుదాకా పోసింది. పొంగి బల్లగుడ్డ మీద పడింది కూడా. నేనేం పాపం చేశాను?"

ఫ్లూరా చేతిలో కెటిల్ ఆగిపోయింది.

"తాగిర్‌కా? అంచుదాకానా?"

"అవును!"

"నాలుగేళ్లుగా నా దగ్గర తాగుతున్నావు మేజర్... ఇన్నాళ్లూ నన్ను పిసినారిదాన్ననుకున్నావా?"

"కాదా మరి?"

యానాయ్‌కి పొలమారింది.

"ఓరి దేవుడా!" నెత్తి కొట్టుకుంది ఫ్లూరా. "సగం పోసేది మళ్లీ పోయడానికయ్యా! ఇంకాసేపు కూర్చో, నీ గిన్నె చల్లారనివ్వను అని. మా వాళ్లలోనూ అంతే, బష్కీర్లలోనూ అంతే. అంచుదాకా పోస్తే... తాగు, లే, నా ఇంట్లోంచి బయటికి పో అని. మా అమ్మ జన్మలో ఒక్కసారే పోసింది అలా. మా నాన్నని కొట్టినవాడికి."

యెగోర్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

నిన్న...

మిన్నిసా వంటగది. మెట్లు ఎక్కుతూ తాగిర్ అన్న మాట... "ఈ ఇంటికి రావడం నాకిదే మొదటిసారి సవెలిచ్. ఆ రోజు నేను సెలవులో ఉన్నా కదా."

ముసలామె ఏదో చెప్పింది. తాగిర్ "మారీవాడంటోంది" అన్నాడు. ఆమె యెగోర్‌కి సగం గిన్నె పోసింది. తాగిర్‌కి పోయబోయింది. వాడు మాటల్లో ఉండి, వెనక్కి తిరిగి చూడకుండానే, తెర వెనక అరలోంచి చక్కెర డబ్బా అందుకున్నాడు.

చూడకుండానే!

ముసలామె చేయి ఒక్క క్షణం ఆగింది. తరవాత పోసింది. పోస్తూనే ఉంది... అంచు దాటేదాకా.

తాగిర్ ఆ గిన్నె వంక చూశాడు. నవ్వాడు. ఊదనైనా ఊదకుండా గటగటా తాగేశాడు.

వాడికి అర్థమైంది. ఆమెకు గుర్తొచ్చిందని అర్థమైంది!

మూడు వాంగ్మూలాలు... దెబ్బ తిన్నాక ముగ్గురూ మాట్లాడింది తల్లి భాషలో. మూడూ తనకు చేరింది ఒకే నోటి గుండా.

"ఇనెయ్ దగ్గరికి వెళ్లొస్తాను సవెలిచ్..."

"వెళ్లు" అన్నది తనే!

ఫోన్ తీశాడు. తాగిర్ నంబర్. స్విచ్ ఆఫ్.

"యానాయ్! నీకు వ్యాన్ ఉందా?"

"ఉంది... మళ్లీ అరెస్టా?"

"నడుపు!"

*

వ్యాన్ మంచులో పక్కకు జారుతూ పోతోంది. ఎర్ర లైటు. దాటేశాడు. ఇంకొకటి. అదీ దాటేశాడు.

"ఫైన్ ఎవరు కడతారు?"

"ఇంకా స్పీడ్!"

తూర్పున ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. అయిదంతస్తుల ఇల్లు. గుమ్మం ముందు తమ కారు. ఇంజన్ ఇంకా వెచ్చగా ఉంది.

మెట్లు. ఒకటో అంతస్తు. రెండు. మోకాలు భగ్గుమంటోంది. మూడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. పిస్టల్ తీసి తోశాడు.

"రండి సవెలిచ్. వ్యాన్ చప్పుడు వినబడింది."

వంటగదిలో బల్ల ముందు తాగిర్. చేతిలో పిస్టల్. దాని మొన మిన్నిసా తలగుడ్డకు జానెడు దూరంలో ఉంది. ముసలామె నిటారుగా కూర్చుని ఉంది.

"మీది కింద పెట్టండి."

పెట్టాడు. నేల మీద, బూటు పక్కనే.

"ఎందుకురా తాగిర్?"

"పోలీసునంటే తలుపు తీస్తారు సవెలిచ్. వాళ్ల భాషలో అంటే టీ కూడా పోస్తారు. ఇంత తేలికైన పని ఇంకోటి లేదు."

"నువ్వు చేసినవాటికి వేరేవాళ్ల పేర్లు చెప్పి..."

"పేర్లు నేను చెప్పలేదే! బష్కీర్ అన్నాను. మీరు పరుగెత్తారు. తాతార్ అన్నాను. మళ్లీ పరుగెత్తారు. మారీ అన్నాను. ఊరు ఊరంతా మీ వెనకే పరుగెత్తింది." వాడి గొంతులో కోపం లేదు. "ఎవడు, ఏ మనిషి అని ఒక్కసారైనా అడిగారా? ఇంకో దుబాసీని పిలిపించారా?"

లేదు.

యెగోర్‌కి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

మిన్నిసా కెటిల్ అందుకుంది. తాగిర్ వారించలేదు. వాడి ముందున్న గిన్నెలో పోసింది.

సగం దాటింది. ముప్పాతిక... అంచు.

"చూశారా?" నవ్వాడు తాగిర్. "ఇప్పుడు కూడా పొమ్మంటోంది. పోతాను ఇనెయ్. ఆ నగ ఎక్కడుందో చెప్పు, పోతాను."

ఆమె రెండు చేతులా గిన్నె ఎత్తింది. అతిథికి అందిస్తున్నట్టు వాడి ముఖం దాకా తెచ్చింది.

విసిరేసింది!

కేక! మరిగే టీ కళ్లలో!

ఢాం!

గోడ పెచ్చు ఊడి పడింది. యెగోర్ నేల మీదకు దూకాడు. వేళ్లకు చల్లటి ఇనుము తగిలింది.

ఢాం!

తాగిర్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పిస్టల్ స్టవ్ కిందికి జారిపోయింది. భుజం లోంచి నెత్తురు. బతికే ఉన్నాడు.

యెగోర్ లేచి నిలబడ్డాడు.

ఇంతలో మిన్నిసా మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. యెగోర్ చొక్కా చెయ్యి పట్టుకుని ఊపుతోంది. తాగిర్‌ని చూపిస్తోంది. తలుపు చూపిస్తోంది. రెండు వేళ్లు ఎత్తి చూపిస్తోంది. అతని కళ్లలోకి చూసి మళ్లీ మొదటి నుంచి చెబుతోంది. ఇంకా గట్టిగా. ఇంకా తొందరగా!

రెండా? రెండు ఏమిటి? ఇద్దరా? ఇంకొకడున్నాడా? తలుపు అవతలా?

ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఒక్క ముక్క!

నేల మీద నుంచి చిన్న నవ్వు వినబడింది.

తాగిర్ కాలిన ముఖం ఎత్తి చూస్తున్నాడు.

"చెప్పమంటారా సవెలిచ్... ఏమంటోందో?"