రెండు మార్కులు తగ్గాయి

ఆ సినిమా విమర్శకుణ్ణి పత్రికాఫీసులో అందరూ మార్కుల మాస్టారు అనేవాళ్ళు. భయపెట్టే సినిమా ఏదొచ్చినా చూసేసి, ఐదుకి ఇన్ని అని పడేసేవాడు. సినిమాలతో సరిపెట్టుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. అంతు తేలని హత్యలన్నా మహానుభావుడికి చచ్చేంత మోజు. వాళ్ళ ఊళ్ళోనే పదేళ్ళ కిందట జరిగిన టైలరమ్మ హత్య మీద వ్యాసం రాసి, చివర్న సినిమాకి వేసినట్టే ఆ హత్యకీ మార్కులు వేశాడు. ఐదుకి మూడు.

పేపరు వచ్చిన రోజు భార్య దాన్ని అతని ముందు విసిరికొట్టింది. "ఆ టైలరమ్మ తల్లి ఇంకా బతికే ఉందండీ. ఆవిడ కడుపుకోత మీకు కాలక్షేపమా?"

"నువ్వెళ్ళి గడియ చూసుకోవే, పిరికిదానా," అని నవ్వేశాడు. ఇంట్లో ఒక్కతే ఉంటే గడియ పడిందో లేదో పదిసార్లు చూసుకునే మనిషి ఆవిడ.

రెండ్రోజులకి ఆ తల్లి ఆఫీసుకే వచ్చింది. చేతిలో నలిగిన పేపరు. దుమ్మెత్తి పోస్తుందేమోనని పక్క బల్లలవాళ్ళు పని ఆపి మరీ చూశారు. ముసలావిడ తిట్టలేదు.

"రెండు మార్కులు ఎందుకు తగ్గించావు నాయనా?" అంది.

సిగ్గనేది ఉన్నవాడైతే తల దించుకునేవాడు. ఇతను కుర్చీలో వెనక్కి వాలి, వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. "ఒకటి, వాడు తలుపు పగలగొట్టాడు. మోటు పని. అయినవాళ్ళ గొంతుతో పిలిస్తే మీ అమ్మాయే తీసేది. రెండు, అరుపు వీధంతా వినపడింది. కుట్టు మిషను చప్పుడులో కలిపెయ్యొచ్చుగా?"

ఆవిడ ప్రతి మాటకీ తలూపింది. "సరే బాబూ, చెప్తాను," అని వెళ్ళిపోయింది. ఎవరికి చెబుతుందో అతను అడగలేదు. వారం తిరక్కుండా ఆవిడ పోయిందని తెలిసినా, ఆ మాట మళ్ళీ తలుచుకోలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న పదింటికి విలేకరుల కోసం ఒక ఆట వేశారు. హాల్లో పట్టుమని పదిమంది లేరు. సీట్లు ముక్కిపోయిన వాసన కొడుతున్నాయి. తెర మీద పాడుబడ్డ ఆస్పత్రి, అందులో కేకలు. ఎప్పట్లాగే అతను తెర మీంచి చూపు తిప్పకుండా, ఒళ్ళోని నోటుపుస్తకంలో చీకట్లోనే గీకుతూ పోయాడు. విశ్రాంతికి దీపాలు వెలిగాక, ఆవులిస్తూ రాసింది చూసుకున్నాడు.

అందులో ఆస్పత్రి ఊసే లేదు. దస్తూరీ మాత్రం అతనిదే.

'ఆవిడ వంటగదిలో ఉంది. పసుపు చీర. గడియ రెండుసార్లు చూసుకుంది. బయట నించి మొగుడి గొంతు...'

పొద్దున్న భార్య కట్టుకున్నది పసుపు చీరే. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏంటండీ ఈ వేళాకోళం?" భార్య విసుక్కుంది. "తలుపవతల నిలబడి పిలుస్తూ, మళ్ళీ ఫోనెందుకు?"

"నేను కాదే... తియ్యకు! తియ్యకు!"

"తీసేశానుగా..."

ఒక్క అరుపు. అంతే.

ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలీదు. తలుపు దగ్గరగా వేసుంది. గడియ చెక్కుచెదరలేదు. లోపలికొచ్చి, చేతికి అలవాటైన పని కదా, గడియ పెట్టేశాడు. ముందుగదిలోనే పడి ఉంది ఆవిడ, కళ్ళు తెరుచుకుని. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. "లేవవే... నీకు దణ్ణం పెడతా, లేవవే," అని ఆవిణ్ణి ఒళ్ళోకి తీసుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నేళ్ళలో చచ్చిపోయిన మనిషి కోసం అతను ఏడవడం అదే మొదలు.

చంకలోంచి నోటుపుస్తకం జారి తెరుచుకుంది. అతను రాసిన వరసల కింద, ముసలిచేతి వణుకు రాత.

'గొంతు బాగా కుదిరింది. అరుపు వినపడింది. ఐదుకి నాలుగు.'

తలుపు మీద ఎవరో మెల్లగా కొట్టారు.

"ఏమండీ..." బయట నించి భార్య గొంతు. "నేనేనండీ... తియ్యండి."

ఒళ్ళో ఉన్న భార్య మొహంలోకి చూశాడు. పెదవులు కదల్లేదు. తియ్యకూడదని తెలుసు. తెలుసు... కానీ అది ఆవిడ గొంతే. ఆవిణ్ణి నేల మీద పడుకోబెట్టి లేచాడు. చెయ్యి గడియ మీద పడింది.

అప్పుడు వెనక, వంటగదిలో, కుట్టు మిషను తిరగడం మొదలైంది.

వాళ్ళింట్లో కుట్టు మిషను లేదు.