కోడలి వైపు సాక్ష్యం

ఈదమ్మ గుడ్డసంచిలో కోడలి చీరెలు రెండు, దువ్వెన, దారికి నాలుగు జొన్నరొట్టెలు పెట్టింది. దవాఖానలో నర్సమ్మ రాసిచ్చిన చీటీని కోడలి కొంగున ముడేసింది. యాదలక్ష్మి కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది... ఆ చెయ్యి విరిచింది ఈదమ్మ కన్నకొడుకు ఎల్లేశమే!

"అత్తమ్మా! నేను పోతే నిన్ను బతకనిస్తడా?"

"నా ఫికర్ నీకెందుకే! నా మొగడు కాలం చేసెదాక కొట్టినా పోని పానమిది. నువ్వు నడువు బిడ్డా!"

గడపలో గ్రామసేవిక శ్యామలమ్మ నిలబడి ఉంది. మహిళామండలి పెట్టించడానికి దేవరకొండ బ్లాకు ఆఫీసు నుంచి వస్తుంటుంది. పట్నంలో ఆడవాళ్ళ ఆశ్రమం ఉందనీ, తిండీ నీడా ఇచ్చి పని నేర్పుతారనీ చెప్పింది ఆమే.

"అత్తనే కోడల్ని సాగదోలుడు నేనెన్నడు చూడలే, ఈదమ్మా!"

"నన్ను గిట్ల తోలెటోళ్ళు ఒక్కరుంటే..." ఈదమ్మ సంచి మూతి బిగించి కోడలి ఎడమచేతికి అందించింది.

యాదలక్ష్మి శ్యామలమ్మ వెంట పట్నం వెళ్ళిన మూడోనాడు ఎల్లేశం కులపంచాయితీ పెట్టించాడు. పెద్దలు ఊ అంటే చాలు, యాదలక్ష్మి అన్నదమ్ములే పట్నం వెళ్ళి ఆమెను లాక్కొచ్చి మళ్ళీ ఆ చేతులకే అప్పగిస్తారు!

"ఆలుమొగలన్నంక ఒక దెబ్బ పడదా, వదినా? కోడల్ని పిలిపియ్యి" అన్నాడు కులపెద్ద పోచయ్య.

"మా అమ్మకు మతి చెడ్డది పెద్దయ్యా!" ఎల్లేశం నవ్వాడు. నలుగురూ నవ్వారు.

ఈదమ్మ పక్కనే నిలిపిన మందలోంచి ఒక గొర్రెను ఈడ్చుకొచ్చి పోచయ్య ముందు నిలబెట్టింది.

"గిది ఎవలదో చెప్పు."

పోచయ్య చెవి తడిమాడు. "రెండు గాట్లు... మీ తల్లిగారి గుర్తు. నీదే."

"మంద మొత్తం?"

"నీదే. కాదనెటోడెవడు?"

ఈదమ్మ వెనక్కి తిరిగి వీపు మీది కొంగు జార్చింది! మొగుడు కొట్టిన తాడు దెబ్బల మచ్చలు నల్లగా తేలి ఉన్నాయి.

"గొర్రె చెవి గాటును నమ్మినవ్! మరి గీ గాట్లు? నాలుగుమాట్ల గీ పంచాయితీకే ఏడ్సుకుంట వచ్చిన... నాలుగుమాట్ల మల్ల ఆ ఇంటికే తోలిన్రు! గొర్రెకున్న ఇలువ నాకు లేకపాయె! ఇనుండ్రి... గీ మంద ఇయ్యాల్టి సంది యాదలక్ష్మిది. వీడు మందను ముట్టొద్దు! పిల్లను తోలుకొచ్చేదుంటే ముందుగాల నన్ను పాతిపెట్టుండ్రి!"

ఎల్లేశం ముఖం పాలిపోయింది. "అమ్మా... నేనెట్ల బతకాలె?"

"నీ చేతులెవ్వరు విరగ్గొట్టలే గదరా!"

మంద ఆమెదేనని తన నోటితోనే అన్న పోచయ్య, ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాడు. యాదలక్ష్మి జోలికి ఎవరూ పోవద్దని చెప్పి లేచిపోయాడు.

ఆ సాయంత్రమే ఎల్లేశం గొంగడి భుజాన వేసుకుని కల్వకుర్తి బాట పట్టాడు. పొద్దుటినుంచి వాడు ఏమీ తినలేదని ఆమెకు తెలుసు. తిని పోరా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది... పళ్ళు బిగబట్టింది ఆ తల్లి!

రెండేళ్ళకు యాదలక్ష్మి దేవరకొండ దవాఖానలో ఆయాగా చేరి, అత్తను తన దగ్గరికి తీసుకుపోయింది. ఎల్లేశం వెళ్ళింది పంతొమ్మిదివందల అరవై ఒకటి, మాఘమాసంలో. మళ్ళీ రాలేదు.