తోడుకోని పాలు

తెల్లారినా గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. డాక్టర్ హైమవతి గిన్నె వంచి చూసింది, చెంచాతో కదిపి చూసింది. నిన్న ఎదురు ఫ్లాట్ మంగతాయారు ఇచ్చిన తోడులో మిగిలిన బొట్టును అగర్ పళ్ళెం మీద పూసి, ఇంక్యుబేటర్‌లో పెట్టింది.

కాకినాడలో అగర్ పళ్ళేలు ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉన్నాయి. వెనకటి లాబుల్లో అనుమానం వచ్చిన తిండిని ఆ జిగురు మేత మీద పూసి, వెచ్చగా ఉంచి, కంటికి ఆనని బాక్టీరియా కనిపించే మచ్చగా పెరిగేదాకా రోజుల తరబడి కాచుకునేవారు. హైమవతి భర్త పెళ్ళిభోజనం తిని, పళ్ళెం మీద సాల్మొనెల్లా మచ్చలు తేలేలోపే పోయాడు. ఆ పెంపకాన్నే నిమిషంలో ముగించే యంత్రాన్ని ఆవిడ కనిపెట్టింది. పేరు జల్లెడ. ఇప్పుడు ప్రతి గుమ్మం పక్కనా ఉంది. తిండిలో విషక్రిమి ఉంటే ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు.

జల్లెడ వచ్చాక ఊళ్ళో తిండి వికటించి ఆసుపత్రిలో చేరినవాళ్ళు లేరు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, ఒకరింట్లో ఒకరు తినడం కూడా పోయింది. ప్రేమగా తెచ్చిన గిన్నెను తెచ్చినవాళ్ళ ఎదుటే పరీక్షకు పెడితే ఎవరికి మాత్రం మనసు ఒప్పుతుంది? హైమవతి గడప తొక్కేవాళ్ళు కరువయ్యారు. నిజానికి ఆవిడకు పెరుగు మీద అంత మోజు లేదు. తోడు అడిగితే మనిషి వస్తుంది కదా అని అడిగింది. మంగతాయారు వచ్చింది, పచ్చలైటు చూసి ఊపిరి పీల్చుకుంది, గుమ్మంలోంచే వెళ్ళిపోయింది.

మర్నాటికీ పళ్ళెం మీద ఒక్క మచ్చ కూడా లేదు. హైమవతి వెళ్ళి ఎదురు తలుపు తట్టింది.

"మీ తోడులో ప్రాణం లేదండీ. ఏం చేశారు?"

మంగతాయారు తల దించుకుంది. "ఏమనుకోకండేం, డాక్టరుగారూ. మీ ఇంట్లో ఎర్రలైటు వెలిగితే మా పరువేం కానండి? అందుకని బాగా ఆవిరి పట్టించి తెచ్చాను."

"అయ్యో, పెరుగు క్రిమిని జల్లెడ ఏమీ అనదు. అది మంచిది."

"మాకేం తెలుసండి. క్రిమంటే క్రిమే కదండి."

"పోనీ, ఆవిరి పట్టించనిది కాస్త ఇవ్వండి."

"ఉన్నదంతా అదేనండి. ఈ బిల్డింగులో ఇంకెవరూ తోడు పెట్టట్లేదు."

హైమవతికి నవ్వొచ్చింది. "సరే, పాలు కాచాను. పాలన్నం కలుపుతాను, రండి. ఒక్కదాన్నే తినలేకపోతున్నాను."

మంగతాయారు మనసు కరిగింది. చెప్పులు వేసుకుంది. తలుపు లాగబోతూ ఆగి, అలవాటు కొద్దీ తన జల్లెడ మూత తెరిచింది.

"ఆయ్, వస్తానండి. ముందు ఓ ముద్ద తెండి, ఇందులో పెట్టి చూద్దాం."