ఆకు నమిలే చప్పుడు

2023 అక్టోబరు 14, శనివారం. క్యాండీలో మధ్యాహ్నం మొదలైన వాన దీపాలు పెట్టే వేళకు సన్నబడింది. కొండ మీది నుంచి మంచు దిగి హోటలు కిటికీలను తెల్లగా కప్పేసింది.

పెద్ద హోటలేమీ కాదు. మెట్ల మీద తివాచీ అరిగిపోయింది. కుళాయి తిప్పితే ముందు దగ్గు, తరవాత నీళ్ళు. కేజీయఫ్ దగ్గర బేతమంగళ పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచే సొన్నప్పకు అదే ఎక్కువ. ఆ ఏడాది పట్టుగూళ్ళ పంట బాగా వచ్చిందని కొడుకు మునీంద్ర అందరినీ శ్రీలంక తీసుకొచ్చాడు. టికెట్లు చవగ్గా దొరికాయని తేదీ చూసుకోలేదు. ఆ రోజు మహాలయ అమావాస్య. ఊళ్ళో ఉంటే, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టాల్సిన రోజు. సొన్నప్ప భార్య చిక్కమ్మ పోయి అప్పటికింకా ఏడాది కాలేదు.

సొన్నప్ప చిన్నతనంలో కేజీయఫ్ బంగారు గనుల్లో పనిచేసే తమిళుల ఇళ్ళ లైన్లలో పాలు పోసేవాడు. బేతమంగళ నీళ్ళు గొట్టాల్లోనూ, బేతమంగళ పాలు సైకిళ్ళ మీదా ఆ ఊరికి చేరేవి. రెండూ దారిలోనే కలుస్తాయని అక్కడివాళ్ళు ఎగతాళి చేసేవారు. అప్పుడు నేర్చిన తమిళం, రాగిముద్ద దొరుకుతుందా అని ఈ హోటలు వంటవాణ్ణి అడగడానికి పనికొచ్చింది. ముద్ద దొరకలేదు, అది వేరే సంగతి.

మునీంద్ర, అతని భార్య ప్రేమ బజారుకు వెళ్ళారు. సొన్నప్ప కూతురు నేత్రావతి తలనొప్పని మంచమెక్కింది. తండ్రీ కూతుళ్ళ గదిలో మూడు మంచాలు. మూడోది ఖాళీ.

"నువ్వూ పోయి రా అప్పా."

"ఒంటిగా ఉంటావు కదమ్మా."

"ఒంటిగా యాడ? నీ కండువా తోడుండాది కదా. విమానమెక్కినా దానికి పురుగుల షెడ్డు వాసన పోలేదు!"

నవ్వి అటు తిరిగి పడుకుంది. ఆ నవ్వు విన్నప్పుడల్లా సొన్నప్పకు తను దాచింది గుర్తొచ్చేది. కూతురికి ఒక మాట చెప్పాలి. ఈ ప్రయాణంలోనైనా చెప్పాలి. పరాయి దేశంలో అయితే కోపమొచ్చినా లేచి ఎక్కడికీ పోవడానికి ఉండదు.

చిక్కమ్మ పోయిన రోజే పురుగులు పండాయి. అంటే ఆకు తినడం మాని, ఒళ్ళు పసుపు తేలి, తలెత్తి గూటికి చోటు వెతుక్కునే రోజు. ఒక్కొక్కటే ఏరి చంద్రికలనే వెదురు తడకల మీదికి ఎక్కించాలి. ఆలస్యమైతే పంట పోయినట్టే. ఏడుపు విన్న పురుగు గూడు కట్టదని ఆ ఇంట్లో తాతల నాటి నమ్మకం. మధ్యాహ్నం నడింట్లో చిక్కమ్మ ఊపిరి ఆగింది. తండ్రీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుప్పటి కప్పి తలుపు దగ్గరికి వేశారు.

షెడ్డులో పురుగులు ఏరుతున్న నేత్రావతి మధ్యమధ్య కేక వేస్తూనే ఉంది. "అమ్మా, బంగారం మాదిరి పండినాయే! లేసి వచ్చి చూడు!"

"నిద్రపోతా ఉండాది, లేపొద్దు," అన్నాడు సొన్నప్ప.

తెల్లారి, అప్పుడే పోయిందని చెప్పాడు. "గూళ్ళు కట్టేదాకా గొంతెత్తొద్దు తల్లీ," అన్నాడు. గూళ్ళు కట్టేసరికి ఆమెకు ఏడుపు ఎండిపోయింది.

కరెంటు పోయింది.

చీకట్లో వాన చప్పుడు పెరిగింది. జల్లు లోపలికి కొడుతుందేమోనని సొన్నప్ప తడుముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెక్క తెరిచి చెయ్యి బయట పెట్టాడు.

వాన లేదు.

చప్పుడు గదిలో ఉంది. గోడల్లో... మంచాల కింద... తడి ఆకు వాసన, పురుగుల పెంట వాసన. జన్మంతా విన్న చప్పుడది. వేల పురుగులు ఆకు నమిలే చప్పుడు.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

పురుగులు పండినప్పుడే అలా ఆగుతుంది.

రోడ్డు మీది బండి వెలుగు కిటికీలోంచి మంచం మీద పడింది. నేత్రావతి నిద్రలోనే ఉంది. కానీ ఆమె చెయ్యి... దుప్పటి మీద నుంచి దేన్నో మెల్లగా ఏరి పక్కన పెడుతోంది. మళ్ళీ ఏరుతోంది. పెడుతోంది.

మూడో మంచం కిర్రుమంది.

"ఏమయ్యా... పురుగులన్నీ ఎక్కినాయా?"

సొన్నప్ప పెదాలు వాటంతటవే కదిలాయి. "ఎక్కినాయి..."

"అయితే... ఇంగ ఏడుస్తారా?"



"అప్పా," నేత్రావతి లేచి కూర్చుంది. "ఎక్కినాయని ఎవరితో చెప్తా ఉండావు?"

అప్పుడు చెప్పాడు. మధ్యాహ్నం సంగతి, దుప్పటి సంగతి, అన్నీ.

"నేను పిలిచినప్పుడు..."

"అప్పటికే లేదమ్మా."

ఏడుస్తుందని కాచుకున్నాడు. ఏడవలేదు. కరెంటు వచ్చాక పిడికిలి విప్పి చూసుకుంది. అరచేతిలో మల్బరీ ఆకు. అంచులు కొరికి ఉన్నాయి. తడిగా ఉంది.

పోయిన వేసవిలో సొన్నప్ప కూడా పోయాడు. ఆయన కోసం ఊరంతా గట్టిగానే ఏడ్చింది. భూమి, బోరు మునీంద్రకు వచ్చాయి. అతను మల్బరీ తోట పీకేసి మామిడి నాటాడు. అత్త కమ్మలు ప్రేమకు వచ్చాయి. నేత్రావతి ఖాళీ షెడ్డు అడిగి తీసుకుని తాళం వేసింది. సాయంత్రాలు దాని తలుపుకు చెవి ఆనించి, తనకు ఏడుపు వస్తుందేమోనని కూర్చుంటుంది. లోపల వాన చప్పుడు మొదలవుతుంది... ఆగుతుంది. ఒక్కోసారి తలుపు కింద నుంచి కొరికిన ఆకు ఒకటి బయటికి జరుగుతుంది.

చిక్కమ్మకు రావాల్సిన ఏడుపు మాత్రం ఇంకా రాలేదు.