బినా ముటింటా అడిగిన కోడిపిల్లలు

జాంబియాలోని మా చోమా ఊళ్ళో రైలుపట్టాలు దాటాక వచ్చే బినా ముటింటా ఇల్లుంది చూశారూ... పొద్దుగూకితే దాని ముందు సైకిలు బెల్లు కూడా కొట్టరు. ఆ ముసలావిడ పోయినప్పటినుంచీ ఆ చోటికి చెడ్డపేరు. చీకట్లో లోపల ఎవరో కదులుతారట!

నేను కోడిపిల్లల డిపో గేటు దగ్గర బొండాలు వేస్తాను. ఇది లారీ డ్రైవరు హమూంగా నాకు చెప్పిన సంగతి.

ఎవరైనా ఫోన్లో కోడిపిల్లలు అడిగితే ఆ మాట ముందు రాజధాని లుసాకాలో పెద్దాఫీసు కంప్యూటరుకి పోతుంది. అది మా డిపో కంప్యూటరుకి చెబుతుంది. మనిషి నోరు విప్పక్కర్లేదు — మిషన్లే మాట్లాడేసుకుంటాయి!

బినా ముటింటాని పాతిపెట్టిన సాయంత్రం డిపోలో ఆర్డరు పడింది — "బినా ముటింటాకి ఒక పెట్టె."

హమూంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యా... ఆవిడ లేదు కదా!"

"ఆర్డరు ఉంది కదా," అన్నాడు మేనేజరు. "ఇచ్చిరా. లేదంటే లారీ తాళాలు ఇక్కడ పెట్టి పో."

ఇంట్లో పిల్లలు గుర్తొచ్చారు. వెళ్ళాడు. వసారాలో పెట్టె దించి ఒకటే పరుగు.

మర్నాడు... మళ్ళీ అదే ఆర్డరు. ఆ మర్నాడూ...

ఈసారి వసారా ఎక్కితే — పాత పెట్టెలు లేవు! తలుపు వెనక... చీకట్లో... కిచకిచలు. ఒకటి కాదు, వంద గొంతులు!

చెప్పొకటి ఊడి పడిపోయినా ఆగకుండా వచ్చి డిపోలో పడ్డాడు.

కంప్యూటర్లు చూసే లుయాండో పగలబడి నవ్వింది. "దెయ్యానికి కోడిపిల్లలెందుకు బాబాయ్? కూరకైనా రావు!" అని అతన్ని లాక్కెళ్ళి టార్చి వేసింది. గాలికి పెట్టెలు వసారా కిందికి దొర్లాయి. కోడిపిల్లలేమో తలుపు కింద సందులోంచి దూరి, లోపల మక్కజొన్న బస్తాని చుట్టుకున్నాయి!

"మరి రోజూ వచ్చే ఆర్డర్ల సంగతో?" అన్నాడు హమూంగా.

"రోజూ ఆ వేళకేగా మనకి కరెంటు పోయేది! మన మిషను 'అందింది' అనేలోపే ఆరిపోతోంది. జవాబు లేదని పెద్దాఫీసు మళ్ళీ పంపుతోంది. ఆ ఆర్డరే, ఆ నంబరే! ఇంతకుముందు వచ్చిందా అని మన మొద్దుమిషను చూసుకోదు."

మొదటి పెట్టె పోయేముందు ఆవిడ అడిగినదే కాబట్టి ఆ పిల్లల్ని అక్కడే వదిలి, మిగతావి తెచ్చేశారు. చెప్పు మాత్రం దొరకలేదు.

మర్నాడు లుయాండో మిషనుకి బుద్ధి నేర్పింది. ఏ ఆర్డరు వచ్చినా ముందు దాచుకున్న నంబర్లలో వెతకాలి. ఉంటే — 'అందింది' అని చెప్పి పక్కన పడెయ్యాలి. లేకపోతేనే ఆ నంబరు దాచుకుని లారీని కదపాలి. ఆ సాయంత్రం పాత ఆర్డరు వచ్చింది, పక్కన పడింది. హమూంగా హాయిగా నా బొండాలు తిన్నాడు.

కొన్నాళ్ళకి... సాయంత్రం... డిపోలో వాళ్ళిద్దరికీ నేను బొండాలు పెడుతుంటే ఆర్డరు పడింది.

"బినా ముటింటాకి — ఎదిగే కోడిపిల్లల దాణా, ఒక బస్తా."

"పాతదే, మిషను పడేస్తుందిలే," అన్నాడు హమూంగా.

లుయాండో నమలడం ఆపేసింది. "ఈ నంబరు... ఎక్కడా లేదు బాబాయ్. కొత్తది. ఆవిడ ఫోన్నుంచే వచ్చింది."

"ఆ ఫోను ఆవిడ చేతిలోనే పెట్టి పాతిపెట్టాం కదే..."

ఇద్దరూ నావైపు చూశారు.

"కొత్త ఆర్డరు కదా నాయనా, ఇచ్చి రావాల్సిందే," అన్నాను. "పనిలో పని, ఆ చెప్పు కూడా అడిగి తెచ్చుకో."