అప్పీలుకు జవాబు

ఏజెంట్ ఎలీషాను సమాధి చేసి వచ్చేసరికి అతని రహస్య ఈమెయిల్ అకౌంట్ మళ్లీ తెరుచుకుంది. అతను పెట్టిన అప్పీలుకు "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని కంపెనీ జవాబు. స్పామ్ పంపుతున్నాడని ఎవరో వందల దొంగ కంప్లైంట్లు పెడితే సస్పెండ్ చేశారు. "గుర్తుపట్టారు, కాపాడండి" అన్న ఆఖరి మెయిల్ అందులోనే ఉండిపోయింది.

ఆ కంప్లైంట్లు దీక్షితవి. డిపార్టుమెంటు జీతం తింటూ విదేశీ ముఠాకు పనిచేసిన అందాల డబుల్ ఏజెంట్.

ఎలీషా అక్క, ఏజెంట్ లిదియా, చీఫ్ ముందు నిలబడింది.

"చేవెళ్ల కూరగాయల మార్కెట్లో బాంబు," అన్నాడు చీఫ్. " మనిషెవరో తెలియదు. దీక్షిత అకౌంట్ నుంచి 'వర్షం' అని వస్తేనే మీట నొక్కుతాడు. ఆమె కనకమామిడి ఫామ్‌హౌస్‌లో ఉంది. గేటు తాకితే ముందే పంపేస్తుంది."

"అకౌంట్ మూయించండి."

"ఎన్‌క్రిప్టెడ్ మెయిల్, అంటే తాళం వేసినట్టే, కంపెనీకి కూడా చదవడం కుదరదు. ఎలీషా సంగతి తర్వాత ఒట్టి కంప్లైంట్లు నమ్మడం లేదు. ఆ అకౌంట్ నుంచి బెదిరింపు అందుకున్న మనిషే తెరిచి రిపోర్ట్ కొట్టాలి. ఫామ్‌హౌస్ ఊడ్చే మనిషికి ఒకటి వచ్చింది. కంపెనీ మనిషి సిద్ధంగా ఉన్నాడు. అకౌంట్ మూయగానే నీ చెవిలో 'దీవెన' అని కోడ్‌వర్డ్ వస్తుంది, అప్పుడే గేటు దాటు."

ఆ ఫామ్‌హౌస్ ఊడ్చే బీరమ్మది చిన్న మంగళారం ఊరు. లిదియా ఒంటి మీద తెల్లచీర, చేతిలో బైబిల్, దాని అట్టలో మైక్. ప్రార్థనకు వచ్చిన అక్కలా బీరమ్మ ఇంట్లో కూర్చుంది.

"ఫామ్‌హౌస్‌ల డబ్బాలు చూసినవని ఎవరికన్న చెప్తే నీ బిడ్డను చంపుతమని మెయిల్ల రాసిన్రు అక్కా. నేను చూపియ్య."

"నీ బిడ్డ ప్రియ ఏడున్నది?"

"చేవెళ్ల కాలేజీల."

"బస్సు ఏడ ఎక్కుతది?"

"మార్కెట్ కాడ."

"ఆ డబ్బాల బాంబు ఆడనే ఉన్నది బీరమ్మా."

బీరమ్మ బిడ్డకు ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. ఆ కాసేపట్లో తల్లి ప్రాణం ఎన్ని శవాలు చూసిందో. బెదిరింపు మెయిల్ తెరిచింది.

"ఏడ నొక్కాలె? దాని నోట్ల మన్నువడ."

నొక్కింది. లిదియా జీపు కనకమామిడి దారి పట్టింది.

గేటు కెమెరాలో లిదియా ముఖం చూసి దీక్షిత నవ్వింది. 'వర్షం' అని టైపు చేసింది. లిదియా చెవిలో మాట వినబడింది: "దీవెన."

దీక్షిత సెండ్ నొక్కింది.

'దుర్వినియోగం కారణంగా ఈ అకౌంట్ సస్పెండ్ చేయబడింది.'

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. ఇంతలో గేటు దాటి వచ్చిన లిదియా పిస్టల్ గొట్టం ఆమె మెడకు చల్లగా తగిలింది.

చేవెళ్లలో, ఎంత బేరమాడినా అమ్మని ఒకే ఒక టమాటా పెట్టె పక్కన, మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్న వాణ్ని పోలీసులు పట్టుకున్నారు. చార్జింగ్ అయిపోయిన ఫోన్‌తో ప్రియ ఆ పక్కనే బస్సు కోసం నిలబడి ఉంది.

"నన్ను కాల్చవా?" అంది దీక్షిత.

లిదియా బేడీలు వేసింది.

"ఎందుకు? అప్పీలు పెట్టుకో. మా తమ్మునికి జవాబొచ్చింది. జర ఆలస్యమైందంతే."